నల్లచుక్కా, కనపడని చారా

వజ్రంలో ఏదో ఉందనగానే మనవాళ్ళు మొదట అడిగేది "కంటికి కనపడుద్దా?" అని. ఆ వెంటనే "దోషం కాదు గదా?" అని. రాయి కొనాలా వద్దా అన్నది ఈ రెండు ప్రశ్నలతో తేలదు. ఆ ఉన్నది ఏ రకం, రాయిలో ఎక్కడుంది, పైకి తెరుచుకుని ఉందా, ఆ రాయి వేలికెక్కుతుందా మెళ్ళో వేలాడుతుందా అని అడిగితే తేలుతుంది. నా మాట ముందే చెప్పేస్తాను. నల్లచుక్క ఉన్న రాయిని, సాన బాగుంటే, ధర తగ్గించి కొనుక్కోండి. కంటికి శుభ్రంగా కనపడుతూ అంచులో చార, అంటే సన్న పగులు, దాచుకున్న రాయిని ఉంగరానికి మాత్రం కొనకండి. మన బజార్లో బేరాలు దీనికి సరిగ్గా తలకిందులుగా నడుస్తున్నాయి.

ఈ చర్చ మా ఇంట్లోకి మా అక్క తెచ్చింది. గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు వాళ్ళు. కొడుక్కి సంబంధం కుదిరింది, కాబోయే కోడలికి నిశ్చితార్థంలో ఒంటిరాయి ఉంగరం పెట్టాలని అక్క కోరిక. మా వైపు ఇదివరకు ఈ ఆనవాయితీ లేదు. రవ్వలంటే ముక్కుపుడక, లేదా ఏడు రాళ్ళ దుద్దులు. అన్నీ చిన్న రాళ్ళు, గుంపుగా పొదిగినవి. అందులో ఒకదాంట్లో నలుసుంటే పట్టించుకునేవాళ్ళు లేరు, ఒక్కో రాయికి విడిగా కాగితమూ ఉండదు. ఒంటిరాయి ఫ్యాషన్ వచ్చాకే ఇళ్ళల్లో "ఇన్‌క్లూజన్" (రాయి లోపలి నలుసో పగులో) అనే మాట వినపడటం మొదలైంది. ఒకే రాయి, దానికో సర్టిఫికెట్, ఆ సర్టిఫికెట్ మీద ఓ బొమ్మ, ఆ బొమ్మలో ఎర్ర గీతలు. ఇంకేం, నిద్ర పట్టదు.

"నువ్వు ఇలాంటివన్నీ చదువుతుంటావుగా, రారా" అని నన్నూ విజయవాడ తీసుకెళ్ళింది. బందరు రోడ్డు మీద ఒక పెద్ద షాపు. పేరు అనవసరం. మా బడ్జెట్ చెప్పాక నల్ల వెల్వెట్ ట్రేలో మూడు రాళ్ళు పెట్టారు. మూడూ డెబ్భై సెంట్ల చుట్టుపక్కలే, అంటే రమారమి 140 మిల్లీగ్రాముల బరువు, అయిదున్నర మిల్లీమీటర్లు దాటిన వెడల్పు. మూడూ హెచ్ రంగు, అంటే దాదాపు రంగులేనివి. మూడింటి కాగితం మీదా క్లారిటీ, అంటే లోపలి శుభ్రత, ఎస్ఐ2. ధరలు మాత్రం వేరు. మొదటిదాంట్లో, పై పలక అంచుకి కాస్త అవతల, ఒక నల్లచుక్క. పట్టిపట్టి చూస్తే మామూలు కంటికే ఆనుతుంది. అందుకే అది అన్నిటికన్నా చవక. రెండోదాంట్లో పైనుంచి చూస్తే ఏమీ లేదు. "ఐ క్లీన్ మేడమ్, ఎస్ఐ2లో ఇలాంటిది దొరకదు" అన్నాడు సేల్స్ కుర్రాడు. ఐ క్లీన్ అంటే మామూలు కంటికి ఏమీ కనపడదని. ధర దానికే ఎక్కువ. మూడోదాంట్లోనూ ఏమీ కనపడదు గానీ, ఎందుకో మిగతా రెండింటిలా లేదు.

అక్క చెయ్యి రెండోదాని మీదకి పోయింది. అంచులో చార ఉన్నది సరిగ్గా దాంట్లోనే. నేనక్కడ ఉండకపోతే అయిదు నిమిషాల్లో బిల్లు అయిపోయేది.

ముందు ఆ ఎస్ఐ2 అనే అక్షరాల సంగతి. అమెరికాలో వజ్రాల్ని పరీక్షించి గ్రేడు వేసే జీఐఏ సంస్థ 1953లో తెచ్చిన కొలమానం ఇది. ఫ్లాలెస్ నుంచి ఐ3 దాకా పదకొండు మెట్లు. పదింతలు పెద్దగా చూపించే లూప్ కింద, అలవాటైన కన్ను చూసి తేల్చే గ్రేడు. ఎస్ఐ అంటే ఆ లూప్ కింద చూస్తే తెలుస్తుంది అని. ఐ అంటే చూడగానే కొట్టొచ్చినట్టు కనపడుతుంది అని. గ్రేడు వేసేటప్పుడు అయిదు సంగతులు చూస్తారు: ఎంత పెద్దది, ఎన్ని ఉన్నాయి, ఎక్కడుంది, ఏ రకం, చుట్టూ ఉన్న రాయి నుంచి ఎంత విడిగా కనపడుతోంది. ఆ అయిదింటినీ కలిపి పిండితే వచ్చేది ఒక్క గ్రేడు. పిండాక ఏది ఎంతో మళ్ళీ విడదీయలేం. కాబట్టి మూడు రాళ్ళకీ ఒకే గ్రేడు వచ్చిందంటే మూడూ ఒకటే అని కాదు. పైగా ఆ గ్రేడు ముఖ్యంగా చెప్పేది ఎంత తేలిగ్గా కనపడుతుందీ అని. రాయి ఎంతకాలం నిలుస్తుందో చెప్పడం దాని పని కాదు.

మా బావకి ఇది నాకన్నా తొందరగా అర్థమైంది. ఆయనది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. ఫోన్లో చెప్తే, "అర్థమైందిలే. తాలు కనపడుద్ది, రేటు తగ్గుద్ది, అంతే. తేమ కనపడదు, కోల్డ్ స్టోరేజీలో పెట్టాక సరుకే పోద్ది. ఈ రెండిట్లో నీ చార ఏదిరా?" అన్నాడు. తేమే బావా అన్నాను.

ఇప్పుడు నల్లచుక్క. అక్కకి దాని మీద అయిష్టం లేదు, భయం ఉంది. ఆ భయం అత్తగారి దగ్గర్నుంచి వచ్చింది. "కొత్త కోడలి వేలికి కాకిపాదం ఉన్న రాయి పెడతారా?" అని ఆవిడ ముందే అనేసింది. కొట్టిపారేసే మాట కాదది. వరాహమిహిరుడి బృహత్సంహితలో వజ్రాలకి ఒక అధ్యాయమే ఉంది. కాకిపాదం, ఈగ, వెంట్రుక లాంటి ఆకారాలున్నవీ, మసకబారినవీ, పగిలినవీ శుభం కావని అందులో చెప్పాడు. తర్వాతి రత్నపరీక్షా గ్రంథాలు మలం, బిందువు, యవ, రేఖ, కాకిపాదం అని దోషాల్ని వరసగా చెప్పాయి. అంటే వజ్రంలో ఏముందో రకాలుగా విడదీసి చూసే అలవాటు మనకి లూప్ పుట్టకముందే ఉంది. ఇళ్ళల్లో మాత్రం అదంతా కరిగి, కడకి "నల్లగా ఏదుంటే అది కాకిపాదం" అన్న ఒక్క భయంగా మిగిలింది.

నేను అత్తగారితో చెప్పింది ఇది: "అత్తయ్యగారూ, కాకి అడుగు ఎలా ఉంటుంది? మూడు గీతలు చీలి ఉంటాయి. ఈ రాయిలో ఉన్నది చుక్క. గీతలు చీలి ఉన్నది ఆ రెండో రాయిలో, మీకందరికీ శుభ్రంగా ఉందనిపించినదాంట్లో." ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "చుక్క మాత్రం మంచిదన్నారా ఏంటి" అంది. నిజమే, బిందువూ ఆ జాబితాలోదే. శాస్త్రం చెప్పిన దోషాలేవీ లేని రాయి కావాలంటే మా బడ్జెట్‌లో ఆవగింజంత వస్తుంది. ఎలాగూ ఏదో ఒకటి ఒప్పుకోవాలి. ఏది ఒప్పుకుంటున్నామో తెలిసి ఒప్పుకుందాం అన్నాను.

భూమి లోపల సుమారు నూట యాభై కిలోమీటర్ల లోతున, ఎక్కువగా వంద కోట్ల ఏళ్ళకి పైనే కిందట, వజ్రం గట్టిపడుతున్నప్పుడు పక్కనున్న ఖనిజం ఏదైనా లోపల చిక్కుకుపోతే అది ఇలా చుక్కగా మిగులుతుంది. నల్లగా ఉంటే గ్రాఫైటో, గంధకం కలిసిన ఖనిజమో కావచ్చు. షాపుల్లో అన్నిటినీ కలిపి కార్బన్ స్పాట్ అనేస్తారు. భూగర్భ శాస్త్రవేత్తలకైతే ఇవే ముద్దు. వజ్రం వయసు కట్టేది ఈ చిక్కుకుపోయిన గింజల్ని పరీక్షించే. నగ కొనేవాడికి తెలియాల్సింది మాత్రం అది గట్టి రాయి లోపల కదలకుండా కూర్చున్న గింజ అని. రేపు పెరగదు. ఎవరి చేతికో తగిలితే పగలదు.

అలాగని నల్లచుక్కలన్నీ ఒకటే అనను. చూడాల్సినవి రెండు. ఒకటి, చుక్క పై పలక నడిమధ్యన, లోతుగా ఉంటే కింది ముఖాల్లో అద్దాల గదిలోలా ప్రతిఫలించి ఒక్కటే నాలుగైదుగా కనపడుతుంది. అలాంటిది వద్దు. అంచు వైపు ఉంటే ఆ గోల తక్కువ, పైగా పొదిగేటప్పుడు ప్రాంగు, అంటే రాయిని పట్టుకుని ఉండే బంగారు కొక్కెం, కిందకి జరపొచ్చు. రెండోది, చుక్క చుట్టూ సన్నని పగులు వలయంలా ఉందా అని లూప్‌తో చూడాలి. ఉంటే అది చుక్క కేసు కాదు, చార కేసు. మా రాయిలో వలయం లేదు, చుక్క అంచునే ఉంది.

మచ్చని దాచడం కొత్త విద్యేం కాదు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే దక్కను గనులు తిరిగి రాసిన సంగతుల్లో ఇదీ ఉంది. రాయి శుభ్రంగా ఉంటే సానపట్టేవాళ్ళు బరువు పోతుందని పెద్దగా ముట్టుకోరట. లోపల చుక్కలో, నల్లని ఎర్రని నలుసులో ఉంటే మాత్రం రాయంతా ముఖాలు చెక్కేస్తారట, మచ్చ తెలియకుండా. చిన్న పగులుంటే దాన్ని ఒక ముఖపు అంచు గీత కిందకి తెచ్చి మరుగు పరుస్తారట. ఇంకో ముచ్చట, వ్యాపారులకి ఎర్రచుక్క కన్నా నల్లచుక్కే నయం. ఎర్రది ఉంటే రాయిని కాల్చి దాన్ని నల్లగా మార్చేవాళ్ళట. అంటే ఈ గడ్డ మీద వజ్రం అమ్మి బతికినవాళ్ళు నల్లచుక్కని కోరి తెచ్చుకున్నారు! కోహినూరు పుట్టిందని చెప్పే కొల్లూరు మా గుంటూరు వైపుదే. ఇప్పుడు పల్నాడు జిల్లా లెక్కలోకి వెళ్ళింది, ఊరేమో పులిచింతల నీళ్ళ కిందకి వెళ్ళింది. ఇన్ని రాళ్ళు తవ్వి పంపిన కృష్ణ ఒడ్డున మనం ఇప్పుడు సూరత్‌లో సానపట్టిన రాయిని "బెల్జియం కట్ మేడమ్" అంటే నమ్మి కొంటున్నాం. సరే, అది వేరే ఏడుపు.

అసలు విషయం చార. సర్టిఫికెట్ మీద దాన్ని ఫెదర్ అని రాస్తారు. వినడానికి మెత్తగా ఉంటుంది గానీ అది పగులు. వజ్రం అన్నిటికన్నా గట్టిది, దానికేమవుతుందిలే అని మన నమ్మకం. గీతలు పడకపోవడంలో గట్టిదే, మోస్ కొలతలో పదికి పది. దెబ్బకి తట్టుకోవడం వేరే గుణం. వజ్రపు స్ఫటికంలో నాలుగు దిశల్లో పరమాణువుల పొరల మధ్య పట్టు తక్కువ. ఆ దిశలో సరైన చోట దెబ్బ పడితే శుభ్రంగా చీలుతుంది. పాతకాలపు పనివాళ్ళు పెద్ద రాళ్ళని రెండు చేసింది ఆ గుణాన్ని పట్టుకునే.

న్యాయంగా మాట్లాడాలంటే ఫెదర్ ఉన్న ప్రతి రాయీ పగలదు. అసలు పగిలేదైతే సానచక్రం మీదే సగం పోయేవి. లోపలే ఉండిపోయి పైకి రాని చిన్న చారలతో జీవితాంతం వేసుకున్న ఉంగరాలు ఎన్నో ఉంటాయి. నాకు భయం ఉన్నది ఒకే తరహా చారతో: గర్డిల్ దగ్గర, అంటే రాయి నడుము అంచు దగ్గర, పైకి తెరుచుకుని లోపలికి సాగినది. అక్కడ అంచు పల్చగా కూడా ఉంటే మరీ. ప్రిన్సెస్ కట్, మార్క్వీజ్ లాంటి మొనదేలిన రాళ్ళలో ఆ మొన దగ్గర ఉంటే ఇంకా మరీ. మన రెండో రాయి గుండ్రటిదే, కానీ చార సరిగ్గా నడుము మీద. సర్టిఫికెట్ బొమ్మలో అంచు నుంచి లోపలికి ఈదుకుంటూ వచ్చిన ఎర్ర గీత. పైనుంచి చూస్తే పారదర్శకంగా ఉంది కాబట్టి కంటికి ఆనదు. పక్కకి తిప్పి లూప్‌తో చూస్తే గోరుతో గీసినట్టు తెల్లగా మెరుస్తుంది.

సేల్స్ కుర్రాడు దీన్ని ఖండించలేదు, అదో మంచి గుణం. "ఏమీ అవదు సార్, మా దగ్గర ఎన్నో వెళ్ళాయి" అన్నాడు. అప్పుడు నేనడిగింది, ఒంటిరాయి కొనే ప్రతివాళ్ళూ అడగాలనేది: "మీ పొదిగే ఆయన్ని ఒకసారి పిలుస్తారా?"

పై అంతస్తులో వర్క్‌షాపు ఉంది. బెంగాల్ నుంచి వచ్చి విజయవాడలో స్థిరపడిన మనిషి దిగొచ్చాడు. ఇలాంటి పనివాళ్ళు మన షాపుల వెనక చాలామందే ఉన్నారు. రాయిని ట్వీజర్‌తో పట్టుకుని, తన సొంత లూప్ తీసి, పై నుంచి చూడనే లేదు. నేరుగా నడుము చుట్టూ తిప్పాడు. ఆగాడు.

"ఏ సెట్టింగ్ సార్?"

"ఆరు ప్రాంగులు."

"చార ప్రాంగు కింద పెడితే నొక్కేటప్పుడు భయం. రెండు ప్రాంగుల మధ్య పెడితే బయట దెబ్బ. చుట్టూ బంగారం కడితే చేస్తాను. ఆరు ప్రాంగులైతే పగిలితే నా బాధ్యత కాదని ఆఫీసులో రాయించండి."

మొదటి రాయి చూపిస్తే పట్టుమని పది సెకన్లు చూశాడు. "ఇది ప్రాంగు కిందకి పోద్ది" అని తిరిగిచ్చేశాడు.

ఆ మనిషికి గ్రేడుతో పనిలేదు, రాయి పగిలితే తన జీతంలోంచి పోతుందేమోనన్నదే బెంగ. ఆ బెంగ నాకు సర్టిఫికెట్ కన్నా ఎక్కువ నమ్మకంగా అనిపించింది. చార ఉన్న రాయికి ప్రమాదం పొదిగేరోజుతో అయిపోదు కూడా. ఉంగరం రోజూ తలుపు గడియకీ, గ్రానైటు గట్టుకీ, బండి హ్యాండిల్‌కీ తగులుతుంది. ప్రాంగు వదులైతే బాగుచేసేటప్పుడు మంట చూపిస్తారు. శుభ్రం చేసేటప్పుడు అల్ట్రాసోనిక్ మెషిన్లో వేస్తారు, చారలున్న రాయి అందులో వెయ్యకూడదని అడిగితే తప్ప చెప్పరు. నగ ఎవరికి బాగుచేయడానికి ఇచ్చినా ఈ జాతకం ముందు విప్పాలి. కోడలి పిల్ల రేపు హైదరాబాద్‌లో ఏ షాపులోనో ఇస్తుంది, ఆ అమ్మాయికి ఇదంతా ఎవరు గుర్తు చేస్తారు?

మూడో రాయి గురించి ఎక్కువ చెప్పను. దాని రిపోర్టు మీద వ్యాఖ్యల గళ్ళో, బొమ్మలో చూపించని మబ్బుల ఆధారంగా గ్రేడు ఇచ్చామని ఒక వాక్యం ఉంది. బొమ్మేమో దాదాపు ఖాళీ. ఎస్ఐ2లో ఆ వాక్యం కనపడితే అనుమానించాలి. కంటికి ఆననంత చిన్న నలుసులు లోపలంతా పరుచుకుని ఉంటే రాయికి పాల ఛాయ వస్తుంది, మెరుపు చచ్చిపోతుంది. షాపు స్పాట్‌లైట్ల కింద ఇది తెలియదు. తలుపు దగ్గరికి తీసుకెళ్ళి, అరచెయ్యి అడ్డం పెట్టి ఆ నీడలో మూడూ పక్కపక్కన చూస్తే అక్కకే తెలిసిపోయింది. "ఇదేంట్రా నిద్రమొహంలా ఉంది" అని పక్కన పెట్టేసింది. టావెర్నియే కాలంలో మన వ్యాపారులు రాత్రిపూట, గోడలో చదరపు అడుగంత గూడు చేసి, అందులో లావు వత్తి దీపం పెట్టి, రాయిని వేళ్ళ మధ్య పట్టుకుని ఆ వెలుగులో పరీక్షించేవాళ్ళట. రాయి ఛాయ నీలంగా ఉందేమో తెలియాలంటే గుబురు చెట్టు నీడకి పట్టుకెళ్ళేవాళ్ళట. పది వైపుల నుంచి లైట్లు వేసి చూపించేవాణ్ణి చూస్తే వాళ్ళు ఏమనుకునేవాళ్ళో.

ఇక్కడ నన్ను అందరూ అడిగే మాట ఒకటుంది. ఇంత తలనొప్పి ఎందుకు, ఎస్ఐ2 కన్నా పై మెట్టు వీఎస్1 కొనుక్కుంటే పోయేది కదా అని. డబ్బుంటే కొనుక్కోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ చాలా ఇళ్ళల్లో డబ్బు ముందే తేలిపోయి ఉంటుంది. అదే డబ్బుకి క్లారిటీ పెంచాలంటే బరువన్నా తగ్గాలి, రంగన్నా తగ్గాలి, సానన్నా తగ్గాలి. సేల్స్ కుర్రాళ్ళు ఎక్కువగా తగ్గించి చూపించేది సాన, ఎందుకంటే కొనేవాళ్ళు దాన్ని అడగరు. అదే అన్నిటికన్నా పెద్ద నష్టం. కోహినూరునే చూడండి. 1851లో లండన్ ప్రదర్శనలో పెడితే జనం ఇంతేనా అని పెదవి విరిచారు. వాళ్ళని నిరాశపరిచింది లోపలి మచ్చలు కాదు, మెరవకపోవడం. మర్నాటి ఏడు మళ్ళీ సానపట్టించారు, 191 క్యారెట్ల రాయి 105.6కి దిగింది. ఏలినవాళ్ళే మెరుపు కోసం బరువులో దగ్గర దగ్గర సగం వదులుకున్నారు. చుక్క లేని రాయి కోసం మనం మెరుపు వదులుకోవడం ఏం లెక్క? మా మొదటి రాయికి కట్, అంటే సాన, ఎక్సలెంట్. తలుపు దగ్గర నీడలో కూడా మండిపోయింది. రెండోది వెరీ గుడ్.

మా మేనల్లుడు ఫోన్లో వేరే దారి చెప్పాడు: "ల్యాబ్‌లో పెంచింది తీసుకోండమ్మా, అదే డబ్బుకి ఇంతకి రెండింతలు, మచ్చే ఉండదు." వాడు చెప్పింది తప్పు కాదు. అది నకిలీ రాయి కాదు, వజ్రమే. ధరలు బాగా పడిపోయాయి, తిరిగి అమ్మితే ఏమొస్తుందన్న ఆశ లేనివాళ్ళు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. జీఐఏ కూడా 2025 అక్టోబరు నుంచి వాటికి పాత పద్ధతిలో రంగు, క్లారిటీ మెట్లు ఇవ్వడం మానేసి ప్రీమియం, స్టాండర్డ్ అని రెండే ముద్రలు వేస్తోంది. అక్క ఒప్పుకోలేదు. వియ్యాలవారు అడిగితే ఏం చెప్పాలన్నది ఆవిడ సమస్య, దానికి నా దగ్గర జవాబు లేదు.

కాగితాల సంగతి కూడా చెప్పి తీరాలి, ఎందుకంటే మనవాళ్ళు హాల్‌మార్క్ చూసి గుండె మీద చెయ్యి వేసుకుంటున్నారు. ఉంగరం లోపల చెక్కిన ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ బంగారం స్వచ్ఛతకి. రాయి గురించి అది ఒక్క ముక్క చెప్పదు. రాయికి రాయి రిపోర్టు ఉండాలి. జీఐఏ చిన్న రిపోర్టు డోసియర్ అయితే అందులో బొమ్మ ఉండదు, లోపాల పేర్ల వరస మాత్రం ఉంటుంది. సాధారణంగా ముందు రాసింది ఆ గ్రేడుకి ముఖ్య కారణమైనది. ఫెదర్ అని ముందుంటే, ఎక్కడుందో లూప్‌తో చూపించమనండి. రిపోర్టు నంబరు రాయి నడుము మీద లేజర్‌తో చెక్కి ఉంటే, అది కూడా అదే లూప్‌లో చదివించుకోండి. పొదిగాక మరోసారి చదివించుకోండి. ప్రాంగు అడ్డం రాకుండా పొదగమని ముందే చెప్పాలి. నమ్మదగ్గ రిపోర్టు లేకుండా చారలున్న రాయి అసలు కొనకండి. పగుళ్ళలో గాజులాంటి పదార్థం నింపి మరుగుపరిచే పద్ధతి 1980ల నుంచీ ఉంది. రాయిని అటూ ఇటూ తిప్పితే పగులు వెంట నారింజ, నీలం రంగులు తళుక్కుమంటాయి. మంట తగిలితే ఆ నింపింది చెడిపోతుంది. అలా నింపిన రాళ్ళకి జీఐఏ గ్రేడే ఇవ్వదు.

అన్నిటికన్నా తేలిక పరీక్ష షాపువాళ్ళ బైబ్యాక్ (నగ తిరిగి కొనే) కాగితంలోనే ఉంది. అక్క బిల్లింగ్ టేబుల్ దగ్గర చదివించింది. రాయి దెబ్బతినకుండా ఉంటే ఇంత శాతం అని. మొదటి రాయికి ఈ షరతు అసలు అడ్డం రాదు. దాని నల్లచుక్క ఇవాళా ఉంది, పదేళ్ళ తర్వాతా అంతే ఉంటుంది, దాని నష్టం ఈ రోజు ధరలోనే కోసేశారు. రెండో రాయి చార వల్ల రాగల నష్టం ఏ బిల్లులోనూ లేదు. అది పగిలిన రోజున మన ఖాతాలో పడుతుంది, ఆ రోజు షాపువాడు ఇదే వాక్యం తీసి చూపిస్తాడు. ఐ క్లీన్ అని అదనంగా తీసుకుంటున్న డబ్బు, నిజానికి మనమే ఒక ప్రమాదాన్ని కొనుక్కుని దానికి ఎదురు కడుతున్న ప్రీమియం.

అక్క మొదటిదే తీసుకుంది. చుక్క వైపు ప్రాంగు వచ్చేలా, నంబరు వైపు ఖాళీగా ఉండేలా పొదగమని రాయించింది. అత్తగారు పెట్టిన షరతు ఒకటే, ఇంటికి తెచ్చేముందు కొండ మీద దుర్గమ్మ దగ్గర పెట్టాలని. అదీ అయింది. కోడలి పిల్లకి చుక్క సంగతి దాచొద్దన్నాను. అక్క లూప్ కూడా కొని ఆ అమ్మాయికే చూపించింది. "నాకేం కనపడట్లేదత్తయ్యా" అందట. కనపడేవరకూ తిప్పించిందట మా అక్క.

తమాషా ఏంటంటే అక్క మనసు ఆ రెండో రాయి మీద నుంచి పోలేదు. నెల తర్వాత ఫోన్ చేసి, "లాకెట్ చేయించుకుంటేనో? మెళ్ళోదానికి దెబ్బలేం తగులుతాయి?" అంది. అడగాల్సిన ప్రశ్నే అడిగింది. చుట్టూ బంగారం కట్టి లాకెట్ చేయిస్తే నాకూ పేచీ లేదు. అయితే ఐ క్లీన్ ధరకి కాదు, నల్లచుక్క రాయి ధర కన్నా తక్కువకి ఇస్తేనే, ఫెదర్ ఉన్నట్టు బిల్లు మీద రాస్తేనే తీసుకోమన్నాను. షాపువాళ్ళు రాయడానికి ఒప్పుకున్నారు. ధర దగ్గర ఇంకా బిగుసుకునే ఉన్నారు.